సౌత్ బెండ్ ఎర్ర గుర్రం

షికాగో శివార్ల నుంచి తూర్పుకి రెండు గంటలు పైచిలుకు డ్రైవ్ చేస్తే సౌత్ బెండ్ వస్తుంది. మనవాళ్లలో ఎవరైనా ఆ పేరు విన్నారంటే, చుట్టాలబ్బాయి ఎవరో నోటర్ డేమ్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేస్తూ ఉండాలి. టూరిస్టు బస్సులు ఆగే ఊరు కాదు. టోల్ రోడ్డుకి అటూ ఇటూ మొక్కజొన్న, తర్వాత సోయా, మళ్లీ మొక్కజొన్న. ఇండియానాలోకి వెళ్లాక ఒకచోట ఫోన్‌లో టైమ్ దానంతటదే గంట ముందుకి దూకుతుంది. ఏడాదిలో ఆ ఊరికి నాలుగుసార్లు వెళ్లొచ్చా. ఎందుకని ఆఫీసులో అడిగితే చెప్పాను. నవ్వారు. పాత గార్డెన్ ట్రాక్టర్ల కోసం!

మన ఊళ్లో ట్రాక్టర్ అంటే 40, 50 హెచ్‌పీ, పెద్ద చక్రాలు, వెనక ట్రక్కు. గార్డెన్ ట్రాక్టర్ దానికి మనవడి వరస. బానెట్ మన నడుము దాకా వస్తుంది. 7 నుంచి 20 హెచ్‌పీ వరకు ఉంటుంది. ఇప్పుడు సూపర్ మార్కెట్ల ముందు వరసగా పెట్టి అమ్మే గడ్డి కోసే బండ్లతో దీన్ని కలపకండి. వాటిలో సగం పల్చటి రేకు. పాత గార్డెన్ ట్రాక్టర్‌కి మందపాటి ఇనుప ఫ్రేమ్, పోత ఇనుము గేర్‌బాక్స్. ముందు బ్లేడు కడితే మంచు తోస్తుంది, వెనక నాగలి కడితే దున్నుతుంది, కింద డెక్ కడితే గడ్డి కోస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైనికులు ఇళ్లకి తిరిగొచ్చారు. ఊరి చివర అరెకరం, ఎకరం స్థలాల్లో కొత్త ఇళ్లు లేచాయి. అంత చిన్న స్థలానికి పొలం ట్రాక్టర్ ఎక్కువ, చేత్తో తోసే మెషీన్ తక్కువ. ఆ ఖాళీలోంచి పుట్టిందే ఇది. సౌత్ బెండ్‌లో 1946లో సెసిల్ పాండ్ అనే కుర్రాడు, తండ్రి ఎల్మర్ ఇంటి గరాజ్‌లో మొదలెట్టిన పనే తర్వాత వీల్ హార్స్ కంపెనీ అయింది. ఎర్ర రంగు, గుర్రం తల గుర్తు. ఊరు కూడా అలాంటిదే. స్టూడ్‌బేకర్ అన్నదమ్ములు 1852లో కమ్మరి కొలిమితో మొదలై బండ్లు, ఆ తర్వాత కార్లు చేసింది ఇక్కడే. ఆలివర్ నాగళ్లూ ఇక్కడివే. 1963 డిసెంబర్‌లో స్టూడ్‌బేకర్ కార్ల ఫ్యాక్టరీ మూసేస్తున్నామన్నాక ఊరి నడుం విరిగింది. వీల్ హార్స్ మాత్రం ఆ తర్వాతా చాలా ఏళ్లు నడిచింది. 1986లో టోరో కంపెనీ చేతికెళ్లింది, తర్వాత పేరూ పోయింది. బండ్లు మాత్రం ఇంకా ఉన్నాయి.

నాకెలా అంటుకుంది

మాది తెనాలి దగ్గర పల్లె. మా తాతయ్య వాళ్ల వీధిలో ఒక ముసలి ఎర్ర ఇంటర్నేషనల్ బి-275 ఉండేది. ఎవరిదో, ఎప్పటిదో, నా చిన్నప్పుడే అది చింతచెట్టు కింద కోళ్లకి ఇల్లు. అమెరికా వచ్చాక ఒక కౌంటీ ఫెయిర్‌లో పసుపూ తెలుపూ కలిపిన బుల్లి ట్రాక్టర్ చూశా. కబ్ క్యాడెట్. పక్కన బోర్డు మీద ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అని ఉంది. ఆ కంపెనీతోనే మహీంద్రా వాళ్లు 1963లో కలిసి మన దేశంలో ట్రాక్టర్లు మొదలెట్టారు, బి-275 వచ్చింది ఆ పొత్తులోంచే. అంటే మా వీధి కోళ్ల ఇల్లూ, ఈ బుల్లి బండీ ఒకే ఇంటిపేరు వాళ్లన్నమాట! ఆ రాత్రి మూడింటి దాకా పాత ట్రాక్టర్ల వీడియోలు చూశా.

చూసేకొద్దీ తమాషా సంగతులు. 1969లో జాన్ డీర్ తన ఆకుపచ్చని పక్కనపెట్టి తెల్ల ట్రాక్టర్లు వదిలింది. బానెట్, సీటు మాత్రం ఎరుపు, నారింజ, నీలం, పసుపుల్లో నీకేది కావాలంటే అది. ఇంటి ముందు కుర్చీలకి మ్యాచింగ్ అన్నమాట. ఇంకోటి వినండి. మనం ఇప్పుడు ఈవీ ఈవీ అంటున్నాం కదా, జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు 1970 ప్రాంతంలోనే బ్యాటరీ గార్డెన్ ట్రాక్టర్ అమ్మారు. ఎలెక్-ట్రాక్ దాని పేరు. ఆరు బ్యాటరీలు, 36 వోల్టులు. ఆ వ్యాపారం చివరికి వీల్ హార్స్ చేతికే వచ్చింది. అవి ఇప్పటికీ కొందరి దగ్గర తిరుగుతున్నాయి, బ్యాటరీలు మారుస్తూ.

ముక్కలు చేసేవాళ్లకి ఇవ్వను

గత సెప్టెంబర్‌లో ఒక ప్రకటన కనపడింది. 1971 వీల్ హార్స్ రైడర్ 10, ఇంజిన్ పట్టేసింది, 250 డాలర్లు. కింద ఒక లైను: ముక్కలు చేసి అమ్మేవాళ్లు ఫోన్ చేయొద్దు.

ఈ లోకంలో ఇదొక పెద్ద గొడవ. పాత బండి మొత్తంగా 250కి వస్తుంది. విడగొడితే బానెట్ ఒకరికి, గేర్‌బాక్స్ ఒకరికి, స్టీరింగ్ ఇంకొకరికి. మూడింతలు రావచ్చు. వాళ్లని పూర్తిగా తిట్టలేం, వాళ్లమ్మే ముక్కల వల్లే మిగతా బండ్లు బతుకుతున్నాయి. కానీ యాభై ఏళ్లు దాన్ని నడిపినాయన ముందు నిలబడి ఆ లెక్క చెప్పలేం.

పెద్దాయనకి 84 ఏళ్లు. షెడ్డులో బండి మీద దుప్పటి కప్పి ఉంది. సీటు కింద పాలిథిన్ కవర్లో ఓనర్ మాన్యువల్, ఒక చిన్న నోటుబుక్కు. ఏ తేదీన ఆయిల్ మార్చారు, ఏ బెల్టు తెగింది, అన్నీ పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. కొన్ని పేజీల్లో చేతిరాత వేరు, అది వాళ్లావిడది. 1978 దగ్గర ఆవిడ రాసిన ఒకే ముక్క: యాపిల్ చెట్టు. ఆయన కుడి మడ్‌గార్డు మీద అరచెయ్యంత సొట్ట చూపించి నవ్వారు. మా ఆఫీసులో ఇంత శుభ్రమైన కమిట్ హిస్టరీ నేను చూళ్లేదు.

“దీన్ని ఏం చేస్తావు?” అని అడిగారు. నడిపిస్తానన్నాను. “నవంబర్ ఆఖర్లో ఇల్లు ఖాళీ చేసి మా అమ్మాయి దగ్గరికి అరిజోనా వెళ్తున్నా. ఆలోపు దీని చప్పుడు ఒకసారి వినిపించు. నాలుగేళ్లైంది విని” అన్నారు. డబ్బులు తీసుకుని మాన్యువల్, నోటుబుక్కు చేతిలో పెట్టారు. అద్దె ట్రెయిలర్‌లోకి ఎక్కించడానికి నలుగురం చెయ్యేశాం. చేతిలో పది వారాలు.

గరాజ్ భాగవతం

నాది అద్దె అపార్ట్‌మెంట్. కాబట్టి బండి అరోరాలో మా సీనియర్ అన్న ఇంట్లో దిగింది. ఆ కాలనీ సంఘం వాళ్లకి బయట ట్రాక్టర్ కనపడకూడదు, వదినకి లోపల వాసన రాకూడదు. “మరిదిగారూ, క్రిస్మస్‌కి నా కారు లోపలుండాలి” అని ఒకేసారి చెప్పి వదిలేసింది.

ఇందులో ఉన్నది కోహ్లర్ ఇంజిన్. అవును, మన బాత్రూమ్ కుళాయిల కోహ్లరే. కె-241 అంటారు, ఒకే సిలిండర్, పోత ఇనుము, 10 హెచ్‌పీ. హెడ్ విప్పితే సిలిండర్ గోడకి పిస్టన్ తుప్పుతో అతుక్కుని ఉంది. ఇలాంటి చోట పాతకాపుల మందు ఒకటుంది: ఆటోమేటిక్ గేర్ ఆయిల్, అసిటోన్ సగం సగం కలిపి పోసి వదిలెయ్యడం. సుత్తి పట్టకూడదు. ఫ్లైవీల్ రెక్కలు విరిగితే దొరకడం కష్టం. రోజూ ఆఫీసయ్యాక వెళ్లి పొడుగు పానాతో ఫ్లైవీల్ నట్టు మీద కొంచెం ఒత్తిడి పెట్టడం, ఇంకాస్త పోసి ఇంటికి రావడం. తొమ్మిదో రోజు వెంట్రుకవాసి కదిలింది. అన్న, నేను గరాజ్‌లో అరిచిన అరుపుకి పక్కింటివాళ్లు లైటు వేశారు.

చిన్న భాగాల తుప్పుకి కరెంటు వైద్యం. ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు, చాకలి సోడా, పక్కన బ్యాటరీ చార్జర్. మనకి కావాల్సిన భాగానికి నెగెటివ్, పనికిరాని ఇనుప ముక్కకి పాజిటివ్. రాత్రంతా ఉంచితే తుప్పు నల్లటి మడ్డిలా ఊడొస్తుంది. మీరెవరైనా ప్రయత్నిస్తే రెండు జాగ్రత్తలు. గాలి ఆడే చోటే చేయండి, హైడ్రోజన్ వస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ వాడొద్దు, నీళ్లలో విషం కలుస్తుంది.

అంతా బిగించినా స్పార్క్ లేదు. కొత్త ప్లగ్గు, కొత్త కాయిల్, అయినా లేదు. వీడియో కాల్‌లో నాన్న చూస్తున్నారు. “ఒరేయ్, సీబీ పాయింట్లు గీకావా? మన రాజ్‌దూత్‌కీ ఇదే రోగం. ఎమరీ పేపర్ పెట్టి రెండు రుద్దులు రుద్దు” అన్నారు. నాన్నది పంచాయతీ ఆఫీసు ఉద్యోగం, కోహ్లర్ పేరు ఎప్పుడూ విన్లేదు. పాయింట్లు గీకి, అంగుళంలో వెయ్యికి 20 వంతుల సందు పెట్టాను, మాన్యువల్‌లో రాసినట్టే. నీలం నిప్పురవ్వ టపీమని దూకింది.

ఈ బండ్ల మీద నాకు ప్రేమ ఎందుకంటే ఇదిగో ఇందుకే. వైరింగ్ బొమ్మ, సందు కొలత, ఏ నట్టు ఎంత బిగించాలో, అన్నీ కొన్నవాడి చేతికే ఇచ్చారు. ఇల్లినాయిలో విప్పిన యంత్రాన్ని తెనాలి నుంచి సరిచేయొచ్చు. ఇప్పటి పెద్ద ట్రాక్టర్లలో ఒక సెన్సర్ పోతే డీలర్ సాఫ్ట్‌వేర్ కావాలి. రైతు తన యంత్రాన్ని తాను రిపేరు చేసుకోవడానికి కొలరాడో రాష్ట్రం 2023లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సొచ్చింది, అది 2024 జనవరి నుంచి అమల్లో ఉంది. అలాంటి తాళాలు రాసే వృత్తిలోనే నేనూ ఉన్నాను కాబట్టి ఈ మాట గట్టిగా అనడానికి కాస్త మొహమాటం. అయినా అంటున్నాను.

నవంబర్ రెండో ఆదివారం. ఫోన్ బానెట్ మీద నిలబెట్టి పెద్దాయనకి వీడియో కాల్ చేశా. మొదటిసారి దగ్గింది. రెండోసారి నల్లటి పొగ. మూడోసారి పట్టుకుంది. సింగిల్ సిలిండర్ చప్పుడు గరాజ్ గోడల్లో దబదబా మోగింది. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు, కాల్ కట్టయిందేమో అనుకున్నా. తర్వాత అన్నారు: “ఐడిల్ ఎక్కువుంది. ఆ స్క్రూ పావు తిప్పు వెనక్కి తిప్పు.” తిప్పాను. చప్పుడు కుదురుకుంది.

రంగు పంచాయితీ

ఇప్పుడు అసలు గొడవ. దీన్ని ఏం చేయాలి? ఈ హాబీలో మూడు పార్టీలు. బోల్టు రంగుతో సహా ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టే ఉండాలనేవాళ్లు ఒకరు. అసలు ఎరుపు ఏ ఎరుపన్న దాని మీద వీళ్లు గంటలు వాదించగలరు. ఇంజిన్ పీకి రెండు సిలిండర్లది పెట్టడం, ఫ్రేమ్ పొడిగించడం, పొగగొట్టం నిలబెట్టడం, ఎల్ఈడీలు కట్టడం రెండో పార్టీ. వీళ్లలో కొందరు పుల్లింగ్ పోటీలకి వెళ్తారు. ట్రాక్టర్ వెనక స్లెడ్డు కడతారు, ముందుకి పోయేకొద్దీ దాని మీది బరువు జరిగి లాగడం కష్టమవుతుంది. ఎవరు ఎక్కువ దూరం లాగితే వాళ్లు గెలిచినట్టు. సంక్రాంతికి మనవైపు ఎడ్ల బండలాగుడు చూసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు, అరుపులు కూడా అవే. మూడో పార్టీ: నడిచేలా చేయి, పైన చెయ్యి పెట్టకు.

అన్నది రెండో పార్టీ. “మ్యాట్ బ్లాక్ కొట్టి చక్రాలకి రింగులేద్దాం రా” అంటాడు. అందులో తప్పేం లేదు. కొన్నవాడు మార్చుకోవడానికి కూడా కలిపే ఈ బండ్లు చేశారు. గుల్లైపోయిన బండి తెస్తే నేనే రంగు డబ్బా పట్టుకుంటా. కానీ ఈ సొట్టని సాపు చేయాలంటే నోటుబుక్కులో ఆ లైను ఎదురుగా నిలబడుతోంది. తుప్పు ఆపి, పాత రంగు మీద నూనె రుద్ది వదిలేశా. బెల్టులు, టైర్లు, సీటు కొత్తవి. సీటు విషయంలో భక్తి చూపిస్తే నడుముకి నష్టం.

జనవరిలో బ్లేడు కట్టి అన్న వాళ్ల డ్రైవ్‌వేలో మంచు తోశాం, పక్కింటి వాళ్లది కూడా. వదిన కారు లోపలే ఉంది.

మీరెవరైనా అటువైపు వెళ్తే సౌత్ బెండ్‌కి ఒక శనివారం ఇవ్వండి. స్టూడ్‌బేకర్ మ్యూజియంలో, లింకన్ ఆఖరి రాత్రి థియేటర్‌కి వెళ్లిన గుర్రపు బండి ఉంది. పక్కనే ఆలివర్ కుటుంబం కట్టుకున్న రాతి మేడ. అవి అయ్యాక ఊరికి దక్షిణాన ఐర్లాండ్ రోడ్. ఇప్పుడక్కడ షాపులూ, బర్గర్ జాయింట్లూ. వీల్ హార్స్‌లు తయారైంది ఆ రోడ్డు మీదే. చూడ్డానికంటూ ఏమీ లేదు, నేను మాత్రం వెళ్లిన ప్రతిసారీ కారు ఒకసారి అటు తిప్పుతాను.