జలదంకి నుండి ఉదయగిరి దాకా

మా బంధువుల బిడ్డ ఒకడు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ ఒక్క రాష్ట్రంలోనే 254 కౌంటీలున్నాయట. ఆ సంగతి ఫోనులో చెప్పి, "మన జలదంకి ఏ తాలూకాలోది పెదనాన్నా?" అని అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాము.

జలదంకి ఒకప్పుడు కావలి తాలూకా. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు జలదంకియే ఒక మండలమయ్యింది. రెవెన్యూ డివిజను కావలి, అసెంబ్లీ నియోజకవర్గము మాత్రం ఉదయగిరి. కావలి మాకు సంత, ఆసుపత్రి, రైలు అన్నీను. ఉదయగిరి పేరుతో ఓటు వేస్తున్నామే గాని ఆ ఊరిని నిదానంగా చూచింది లేదు. అందుకని ఒక శనివారం ఉదయాన్నే ఇంటిల్లిపాదీ బయలుదేరాము.

కలిగిరి, వింజమూరు, దుత్తలూరు మీదుగా దారి. పడమటికి పోయేకొద్దీ వరిమళ్ళు పలుచనై, ఎర్రనేల, తుమ్మచెట్లు కనబడతాయి. ఎదుట వెలిగొండలు నీలంగా లేస్తాయి. నీరు పల్లమెరుగు అన్నారు గదా! ఆత్మకూరు పక్కన సోమశిల జలాశయములో 78 టీఎంసీల నీరు పట్టును. ఆ పెన్న నీళ్ళు కాలువలవెంట తూర్పు పొలాలకు దిగినంత సులువుగా ఈ మెట్టకు ఎక్కవు. శ్రీశైలం నుండి కృష్ణా నీరు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టు మీద, సోమశిల హైలెవెల్ కాలువ మీద ఇక్కడివారు పెట్టుకున్న ఆశ చిన్నది కాదు.

ఉదయగిరి దుర్గం మూడువేల అడుగులు దాటిన కొండ. మోకాళ్ళ నొప్పులతో మేము కొంతదూరమే ఎక్కాము. పిల్లలు పైదాకా పోయి వచ్చారు. గజపతుల చేతిలోనున్న ఈ కోటను శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, ఏడాదిన్నర కాచుకొని 1514లో గెలిచాడు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసికొనిపోయి గుడి కట్టించాడు. ఆ విగ్రహం నేడు చెన్నై మ్యూజియములో ఉన్నది. తరువాత గోలకొండ సుల్తానులు, ఆర్కాటు నవాబులు ఏలారు. 1801లో నెల్లూరు సీమ కంపెనీవారి చేతికి పోయింది. పిల్లలు కొండమీద కోనేరు చూచామన్నారు. నీళ్ళు లేనిదే కోటలోనివారు ఏడాదిన్నర ఎట్లా నిలుస్తారు?

పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచాక, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆయన పెద్దల ఊరు కనిగిరి ప్రాంతంలోనిది. అప్పట్లో అది నెల్లూరు జిల్లాయే. 1970లో ప్రకాశం జిల్లాకు పోయింది. 2008లో మన జిల్లాకు ఆయన పేరు పెట్టారు. ఇన్నిసార్లు గీతలు మారినా, మాకు తెలిసినంతలో పల్లెవారు బాగా గుర్తుపెట్టుకున్నది 1984లో మునసబు, కరణం పదవులు పోవడమే. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాక కుల ధృవీకరణ కాగితానికి మండలం చుట్టూ తిరిగే పని తగ్గింది.

తిరుగు ప్రయాణంలో దారిప్రక్క పల్లెలో టీ త్రాగుటకు ఆగాము. ట్యాంకరు కోసం వరుసగా పెట్టిన బిందెల దగ్గర ఒక పెద్దామె కూర్చొని ఉన్నది. సచివాలయం సంగతి మేమెత్తగా, "కాగితాలు ఊళ్ళోనే అయిపోతున్నాయి నాయనా. బోర్లో నీళ్ళ మాటే ఎవురూ చెప్పరు" అన్నది.

ఉదయగిరిలో మేము కొయ్య గరిటెలు కొన్నాము. ఈ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉన్నది. ఆడవారు ఇండ్లలో కూర్చొని చెక్కుతారు. వాటిలో రెండు టెక్సాసుకు పోయే పెట్టెలో పెట్టాము. తాలూకా సంగతి ఉత్తరంగా వ్రాసి వాటితో జతచేశాము.