సిగ్డీ చల్లారినంక

బక్రీద్ మూడు రోజులూ మన ఇండ్లల్లో మర్దులు వంటవాళ్లయిపోతారు. ఏడాదంతా బావర్చీఖానా మొహం చూడనివాళ్లు కూడా ఆ సాయంత్రం సిగ్డీ ముందు కుర్చీ వేసుకుని విసనకర్ర పట్టుకుంటారు. పచ్చి బొప్పాయి ఎంత కలపాలి, బోటీ ఎంతసేపు నానాలి, కోయ్లా ఎప్పుడు ఎర్రబడాలి - ఒక్కొక్కరిదీ ఒక్కో నుస్ఖా. కబాబ్ దస్తర్‌ఖాన్ మీదికి రాగానే తారీఫులే తారీఫులు. తర్వాత ఆ సీఖులు ఎవరు తోమారని మాత్రం ఎవరూ అడగరు.

మా ఇంట్లో అమ్మీ తోమేది. బాసీ ఈద్ రోజు ఫజర్ నమాజ్ చదివి, బావి దగ్గర పీట వేసుకుని, పన్నెండు ఇనుప సీఖులు ముందేసుకునేది. మాడి రాయిలా అయిన మసాలా, గడ్డకట్టిన చర్బీ. చేతిలో కొబ్బరి పీచు, బూడిద. సీఖు మొనలు తగిలి వేళ్ల మీద సన్నగా గీతలు పడేవి. మళ్లీ ఆ చేతులతోనే మిగిలిన గోష్ తునకలకు ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద ఎండబెట్టేది. ఉప్పు తగిలిన గీతలు ఎంత మండుతాయో మీకు చెప్పక్కర్లేదు.

ఉర్దూ మీడియం బడిలో తుప్పును జంగ్ అని చదువుకున్నాను. యుద్ధం కూడా జంగే. ఉర్దూలో రాస్తే ఒకటి జే అక్షరంతో, ఇంకోటి జీమ్‌తో మొదలవుతుంది, కలిసిపోయే సవాలే లేదు. తెలుగు లిపిలోకి వచ్చేసరికి రెండింటికీ ఒకటే 'జ' దిక్కు. డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు దీనికి నవ్వుకునేవాణ్ని. అమ్మీ చేతులు గుర్తొస్తే మాత్రం తెలుగు లిపే నిజం చెప్పిందనిపిస్తుంది.

ఈ జంగ్‌కు మౌసమ్ కూడా తోడవుతోంది. మన దేశంలో బక్రీద్ 2023లో జూన్ 29న, 2024లో జూన్ 17న, 2025లో జూన్ 7న వచ్చింది. అంటే తొలకరి రోజులు. బొగ్గు బూడిదలో క్షారం, లవణాలు ఉంటాయి. గాలిలో తేమను పీల్చుకుంటే బూడిద ముద్దయి రేకుకు అంటుకుంటుంది, రేకును తినేస్తుంది. సిగ్డీ అడుగు ముందుగా చిల్లుపడేది అందుకే. అదే బూడిదను కాస్త తడిపి వెంటనే చర్బీ మీద రుద్దితే, క్షారం కొవ్వుతో కలిసి సాబూన్ పని చేస్తుంది. అమ్మీ కెమిస్ట్రీ చదవలేదు. కానీ బూడిదను సిగ్డీలో ఎన్నడూ నిలవ ఉంచలేదు.

బూడిద తీసేటప్పుడు ఒక జాగ్రత్త. పైకి చల్లారినట్టే ఉంటుంది, లోపల నిప్పు గంటల తరబడి బతికే ఉంటుంది. కాబట్టి ప్లాస్టిక్ బకెట్లో పోయకండి, రేకు డబ్బాలో పోసి మూత పెట్టండి. జాలీ వేడిగా ఉన్నప్పుడే సగం కోసిన ఉల్లిగడ్డను ఫోర్కుకు గుచ్చి రుద్దితే మాడు చాలావరకు వదులుతుంది. ఇనుప సీఖుల్ని వేడినీళ్లలో కాసేపు నానబెడితే చాలు, రాత్రంతా వద్దు. తోమాక తుడిచి, పొయ్యి మీద ఒక్క నిమిషం వేడిచేసి తడి ఆర్పి, గుడ్డతో పల్లి నూనె పల్చగా పుయ్యాలి. ఎక్కువ పూస్తే జిగటవుతుంది. జంగ్ అప్పటికే పట్టి ఉంటే నిమ్మచెక్క, ఉప్పు చాలు. కానీ పులుపు ఇనుమునూ తింటుంది గనుక వెంటనే కడిగి ఆరబెట్టాలి.

తీగల బ్రష్‌తో మాత్రం హుషార్. అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో 2011 మార్చి నుంచి 2012 జూన్ లోపల ఆరుగురు ఇలాంటి బ్రష్ నుంచి ఊడిన తీగముక్కల్ని మాంసంతో పాటు మింగి ఆస్పత్రి పాలయ్యారని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం, సీడీసీ, ప్రచురించింది. కొందరికి గొంతులో గుచ్చుకుంది, కొందరికి కడుపులో. దేనితో తోమినా చివర్లో తడిగుడ్డతో తుడిచి, వెలుతురులో ఒకసారి చూడండి. హార్డ్‌వేర్ దుకాణంలో తెల్లగా మెరిసే జీఐ జాలీని కోయ్లా మీద పెట్టకండి. దాని పూత జింక్. అది 420 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, ఎర్రటి నిప్పుల వేడి అంతకంటే ఎక్కువ. ఆ పొగ పీల్చితే జ్వరం వస్తుంది.

అమ్మీ ఇంతెఖాల్ తర్వాత వచ్చిన మొదటి బక్రీద్. తిన్నవాళ్లు తిన్నట్టే లేచారు. మా తమ్ముడి భార్య, పెళ్లై నాలుగు నెలలు కాలేదు, మాట్లాడకుండా సీఖులు ఏరుకుంటోంది. తఖ్త్ మీద తస్బీహ్ తిప్పుతున్న మా ఫుప్పూ చెయ్యి ఆపి, "ఛోడ్ బేటీ. ఆగ్ జో జలాయా, రాఖ్ భీ వహీచ్ ఉఠానా" అన్నారు. గొంతు పెంచలేదు. మా భాయీజాన్ ముందు నవ్వారు. ఫుప్పూ నవ్వలేదు. ఆయన లేచి చేతులు మడిచి బావి దగ్గరికి నడిచారు.

అప్పటినుంచి మా ఇంట్లో అదే ఖానూన్. సీఖులు ఇప్పుడు నల్లగా నిగనిగలాడుతున్నాయి. కొబ్బరి పీచా, నిమ్మచెక్కా అని మర్దులు ఇప్పుడు తోమడం మీద కూడా బహస్ చేసుకుంటున్నారు.

రాబోయే బక్రీద్‌కు మీ ఇంట్లో కోయ్లా అంటించే ముందే ఈ మాట తేల్చుకోండి. కబాబ్ తారీఫ్ ఎవరిదో, సీఖుల సఫాయీ వాళ్లదే.