ముసలి ట్రాక్టరు, బస్తా బరువు

తెనాలి నుండి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లెకు రైలులో ప్రయాణించే వారికి కిటికీలో నుండి ఒక దృశ్యం తరచుగా అగుపిస్తుంది. పశువుల కొట్టం ప్రక్కనో, గడ్డివామి నీడనో ఒక పాత ట్రాక్టరు నిలిచి ఉంటుంది. రంగు వెలిసిపోయి, సీటు చినిగి, బానెటు మీద కోళ్ళు పడుకొని ఉంటాయి. దమ్ము చేయుటకు దానికి శక్తి చాలదు. అమ్మబోతే పాత ఇనుము ధర తప్ప రాదు. ముసలి ఎద్దును గురించి జాలిపడిన రైతు కూడా ముసలి ట్రాక్టరును గురించి రెండవసారి ఆలోచించడు. మేము యంత్రశాస్త్రం చదివినవారము కాము. తెలుగు పాఠం చెప్పుకొనే వారము. అయినను ఆ ట్రాక్టరుకు ఇంకా పది సంవత్సరాల పని ఉన్నదని, ఆ పని మనుషుల వెన్నెముకకు సంబంధించినదని మా అభిప్రాయం.

మన ప్రాంతంలో ధాన్యపు బస్తా అంటే 75 కిలోలు. ఎకరానికి 30 బస్తాల లెక్కన పది ఎకరాల రైతుకు 300 బస్తాలు, అనగా 22,500 కిలోలు. ఈ ధాన్యం కళ్ళంలో ట్రక్కుకు ఎక్కాలి, ఇంటివద్ద దిగాలి, మళ్ళీ లారీ ఎక్కాలి, మిల్లులో దిగాలి. ఒక్కొక్క బస్తా నాలుగుసార్లు మనిషి వీపు మీదికి వస్తుంది. అంటే ఒక మధ్యతరగతి రైతు పంటకే 90,000 కిలోల మోత. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు ప్రకారం వయోజనుడైన పురుషుడు మోయదగిన బరువు 55 కిలోలకు మించరాదు. ఆ సంవత్సరమే వెలువడిన బరువుల ఒడంబడికను భారతదేశం 2010లో ఆమోదించింది. మా కళ్ళాలలో బస్తా మాత్రం ఆ సంగతి వినలేదు.

భాషాభిమానం చేత ఒక మాట చెప్పి ముందుకు పోతాము. 'బస్తా' పారసీక పదం. కట్టబడినది అని అర్థం. 'హమాలీ' అరబ్బీ 'హమ్మాల్' నుండి వచ్చింది. మోసేవాడు అని అర్థం. కట్టినదానికీ, మోసేవాడికీ మన తెలుగు పల్లెలో ఇంత దూరపు పేర్లు స్థిరపడినవి. మన కళాశాలలో ఉర్దూ చదివే విద్యార్థులకు ఇది విశేషంగా తోచకపోవచ్చును. తెలుగు చదివే వారికి తోచవలె.

మా తండ్రిగారు తెనాలిలో ఒక బియ్యపు మిల్లు ముఠాలో బస్తాలు మోశారు. కొక్కెంతో బస్తాను లాగి, వీపు మీదికి ఎక్కించుకొని, లారీకి వేసిన బల్లచెక్క మీదుగా పైకి నడిచేవారు. బస్తాకు ఇంత అని కూలి. యాభయ్యవ ఏటికి ఆయన నమాజులో వంగి లేచుట కష్టమై, కుర్చీలో కూర్చొని చేయసాగారు. మిల్లువారు ఒక సంక్రాంతికి కొత్త పంచె ఇచ్చి పంపివేశారు. దీనిని మేము ఫిర్యాదుగా వ్రాయుట లేదు. ఆనాడు అన్ని మిల్లులలోను అదే రివాజు. బరువు అనే మాటకు నిఘంటువులో లేని అర్థం మాకు ఎక్కడ తెలిసినదో చెప్పుటకు మాత్రమే వ్రాశాము.

ఇక యంత్రం విషయం. ట్రాక్టరు వెనుక నాగలిని పైకెత్తే రెండు చేతులు ఉంటాయి గదా, వాటి మూలపురుషుడు ఐర్లండులో 1884లో పుట్టిన హారీ ఫెర్గూసన్. నాగలిని ట్రాక్టరుకు మూడు చోట్ల బిగించి, నూనె ఒత్తిడితో ఎత్తి దించే పద్ధతిని ఆయన రూపొందించాడు. 1936లో ఆయన ట్రాక్టరు అంగడికి వచ్చింది. 1939లో ఫోర్డుతో కలిసి చేసిన ట్రాక్టరుతో ఆ పద్ధతి లోకమంతటా వ్యాపించింది. ఇంజను ఒక చిన్న పంపును త్రిప్పుతుంది, పంపు నూనెను సిలిండరులోనికి నెడుతుంది, లోపలి పిస్టను చేతులను లేపుతుంది. నాగలిని ఎత్తగల చేతులు బస్తాలను ఎత్తలేవా? రెండు ఇనుప కొమ్ములు వెల్డింగు చేసి ఆ చేతులకు తగిలిస్తే ఎత్తగలవు. ఎనిమిది బస్తాలు, అనగా 600 కిలోలు, ఒక సాధారణమైన 35 గుర్రాల ట్రాక్టరుకు కష్టం కాదు. అయితే అవి నడుమెత్తుకు మించి లేవవు. లారీ ఎత్తుకు చేరాలంటే గొలుసుతో నడిచే నిలువు చట్రం వేరుగా బిగించవలె.

పాశ్చాత్య దేశాలలో ఈ ఆలోచన ఇంకా ముందుకు పోయింది. అక్కడ ట్రాక్టరునే త్రిప్పివేశారు. పెద్ద చక్రాలు ముందుకు, చిన్న చక్రాలు వెనుకకు వచ్చేటట్లు చేసి, డ్రైవరు సీటును, గేర్ల దిశను మార్చి, పెద్ద చక్రాల ముందు ఎత్తే చట్రం నిలిపారు. బరువు పెద్ద చక్రాల మీద పడుతుంది, చిన్న చక్రాలు దారి త్రిప్పుతాయి. గోదాములో సిమెంటు నేల మీద తిరిగే ఫోర్క్‌లిఫ్ట్ మన కళ్ళంలో పది గజాలు పోకముందే దిగబడుతుంది. ట్రాక్టరు చక్రాల బండి బురదలోను తిరుగుతుంది. పాత ట్రాక్టరు విలువ అంతా ఆ చక్రాలలోనే ఉన్నది.

మన మూడు ఊళ్ళ నేలలు ఈ సంగతికి మంచి పరీక్ష. తెనాలి చుట్టూ నల్లమట్టి. తడిస్తే బంక, ఎండితే బీటలు. బాపట్ల వైపు పోతే ఇసుక; సన్న చక్రం అందులో నీటిలో రాయివలె మునుగుతుంది. రేపల్లె దిగువన ఉప్పునేల, రొయ్యల చెరువుల గట్లు. మూడింటిలోను వెడల్పు చక్రాలదే పైచేయి. పని కూడా ధాన్యంతో ఆగదు. ఎరువుల బస్తాలు, మినుముల బస్తాలు, యంత్రం చుట్టిన గడ్డికట్టలు, రొయ్యల మేత, చెరువులో నుండి తీయవలసిన ఆయిలింజను, ఇవన్నీ ఎత్తవలసినవే. ఇట్టి పని దినానికి గంటో రెండు గంటలో ఉంటుంది. దీనికై లక్షలు పోసి కొత్త బండి కొనుట తెలివి కాదు. దుక్కికి పనికిరాని ఇంజను దీనికి చాలును. ఆసక్తి గల విద్యార్థులు బాపట్లలో 1983 నుండి ఉన్న వ్యవసాయ ఇంజనీరింగు కళాశాలలో అడిగి తెలుసుకోవచ్చును. మా మాటకంటె అది మేలు.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. దాని ముందటి రెండు దినాలు డెల్టాలో ప్రతి రైతూ కళ్ళంలోని ధాన్యం చూచి ఆకాశం చూశాడు. మేము ఆ సమయాన రేపల్లె దగ్గర ఒక విద్యార్థి ఇంటికి పోయి ఉంటిమి. వారి ప్రక్క కళ్ళంలో కూలీలు దొరకక బస్తాలు నేల మీదనే ఉన్నవి. వారి ఇంట మాత్రం పాత ఎర్ర ట్రాక్టరుకు కొమ్ములు బిగించి ఉన్నవి. చెక్కపలకల మీద ఎనిమిదేసి బస్తాలు పేర్చి, చీకటి పడకముందే అరుగుల మీదికి చేర్చి, టార్పాలిన్ పట్టాలు కప్పారు. "మాస్టారూ, ఇది దున్నటానికి పనికిరాదని మా నాన్న అమ్మబోయాడండీ" అన్నాడు కుర్రవాడు. చీకటి పడిన తరువాత అదే బండి ప్రక్క కళ్ళంలోనికి కూడా పోయింది.

ప్రమాదాలు లేవని మేము అనము. వెనుక బరువు హెచ్చితే ముందు చక్రాలు తేలిపోతాయి. అప్పుడు స్టీరింగు చేతిలో ఉన్నా బండి చేతిలో ఉండదు. అందుచేత ముందు ఇనుప దిమ్మలు తగిలించుట తప్పనిసరి. కాలువగట్టు మీద బరువును ఎత్తుగా పట్టుకొని మలుపు తిరుగరాదు. పాత సిలిండరులో నూనె కారుతుంది, ఎత్తిన బరువు మెల్లగా దిగుతుంది. దాని క్రింద పిల్లలను, మేకలను నిలువనీయరాదు.

ఇంతకంటె పెద్ద చిక్కు వేరే ఉన్నది. తెనాలిలో ఒక ముఠా మేస్త్రితో ఈ ప్రస్తావన తెచ్చినాము. మా తండ్రిగారితో కలిసి మోసినవాడు, మాకు బాబాయి వరుస. ఆయన బీడీ ఆర్పి అన్నాడు: "బస్తాకి ఇంత అనిగదా మనకి కూలి. మిషను ఎత్తితే కూలి మిషనుకి పోద్ది. నడుం మిగుల్తది, సరే. సాయంత్రానికి ఇంటికి ఏం పట్టుకెళ్ళమంటావు బాబూ?" దీనికి మా దగ్గర పుస్తకాలలో జవాబు లేదు. మిల్లు యజమాని ఆ యంత్రం కొంటే ఇరువదిమంది ముఠాలో ఆరుగురే మిగులుతారు. అది మా కళ్ళకు స్పష్టంగా కనబడుతున్నది. యంత్రం ముఠాదే అయితే లెక్క మారుతుంది. బస్తాకు కూలి మునుపటిదే. ఎత్తేది ఇనుము, పేర్చేది మనుషులు. డీజిలు ఖర్చు పోను మిగిలినది అందరూ పంచుకొనవలె. పాత ట్రాక్టరు ధర ఒక రైతుకు చిల్లర, ఇరువదిమందికి చందా.

మేము ఈ మాట చెప్పిన తరువాత బాబాయి నాలుగు దినాలు మాట్లాడలేదు. అయిదవనాడు మనుమనితో కబురు పంపాడు. దుగ్గిరాల దారిలో ఒక రైతు ఇంట 1980లనాటి బండి ఉన్నదట. ఇంజను పొగ పోస్తున్నది, చక్రాలు బాగున్నవి, హైడ్రాలిక్ పంపు సంగతి తెలియదు. వెల్డింగు మేస్త్రిని వెంటబెట్టుకొని జుమా నమాజు అయిన తరువాత పోవుటకు నిశ్చయమైనది. బేరం చేయుటకు మేము పనికిరామట. ఎనిమిది బస్తాలు ట్రక్కులో వేసుకొని రమ్మన్నారు, పంపును అక్కడికక్కడే ఎత్తించి చూచుటకు.