సముద్రం పక్కన ఇల్లు.. సంతకం ఎవరిది?

మాది వేములపల్లి. మిర్యాలగూడ రోడ్డు మీద, సాగర్ ఎడమ కాలువ పక్కన. మాకు సాగర్ అంటే డ్యామే. అసలు సముద్రాన్ని రోజూ చూడటం మొదలైంది మాత్రం ఇరవై ఆరేళ్లు దాటాక, ఇంగ్లండ్‌లోని రెడ్‌కార్‌లో.

ఈ ఊరి పేరు చాలామంది విని ఉండరు. ఈశాన్య తీరంలో, లండన్‌కు చాలా దూరం. మనవాళ్లు చదువుకునే టీసైడ్ యూనివర్సిటీ ఉండే మిడిల్స్‌బరో నుంచి రైల్లో పావుగంట కూడా పట్టదు. నేనూ అక్కడే మాస్టర్స్ చేశా. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది, వారానికి రెండు రోజులే ఆఫీసు. అందుకే 2024లో రెడ్‌కార్‌లో ఇల్లు వెతికా. గోడకు గోడ ఆనుకున్న పాత ఇటుక ఇల్లు, రెండు బెడ్‌రూములు, నెలకు 575 పౌండ్లు. లండన్‌లో ఆ డబ్బుకు ఒక్క గది దొరకడమే కష్టం.

ఇంత చవక ఎందుకో తర్వాత అర్థమైంది. ఈ ఊరు ఉక్కు మీద బతికింది. ఫ్యాక్టరీ కొన్నాళ్లు మన టాటాల చేతిలో కూడా ఉంది. 2015లో మూతపడింది, రెండు వేల పైచిలుకు ఉద్యోగాలు పోయాయి. 2022 నవంబరులో బ్లాస్ట్ ఫర్నేస్‌నూ కూల్చేశారు. మిర్యాలగూడలో రైస్ మిల్లులన్నీ ఒకేసారి మూస్తే ఎట్లుంటుందో ఊహించుకోండి.

ఇల్లు నచ్చింది. షేర్ కోడ్ ఇచ్చి వీసా చూపించా. జీతం స్లిప్పులు చూపించా. అప్పుడు ఏజెంట్ అడిగాడు, "గ్యారంటర్ ఎవరు?" అంటే ష్యూరిటీ. నేను అద్దె కట్టకపోతే కట్టే మనిషి. ఈ దేశంలోనే ఉండాలి, సాధారణంగా నెల అద్దెకు 36 రెట్ల వార్షికాదాయం ఉండాలి. నాకెవరున్నారు? లేకపోతే ఆరు నెలల అద్దె ముందే కట్టమన్నాడు. 3,450 పౌండ్లు. అప్పటి లెక్కలో మూడున్నర లక్షల పైమాటే. డిపాజిట్ వేరే. అది ఐదు వారాల అద్దెకు మించకూడదని చట్టం ఉంది కాబట్టి బతికిపోయా.

నాయినకు ఫోన్ చేశా. "వడ్ల పైసలు వచ్చినయి బిడ్డా, పంపుతా" అన్నాడు. ఆ పైసలు నా చదువు అప్పుకు కట్టాల్సినవని ఇద్దరికీ తెలుసు.

మొదటి చలికాలం నరకం. బట్టలు ఇంట్లోనే ఆరేస్తే గోడల మీద నల్ల బూజు. కిటికీ తీస్తే ఉత్తర సముద్రపు గాలి. ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఒక్కోసారి సముద్రం మీంచి పొగమంచు వచ్చి వీధినే మింగేస్తుంది, ఇక్కడివాళ్లు దాన్ని ఫ్రెట్ అంటారు. అయినా సాయంత్రం లెమన్ టాప్ ఐస్‌క్రీమ్ కొనుక్కుని తీరం వెంట నడిస్తే ఊరు మీద కోపం ఉండదు. వీడియో కాల్‌లో అలలు చూపిస్తే నాయిన అడిగింది ఒకటే: "ఇన్ని నీళ్లు ఎవ్వల పొలానికీ పారవా?"

ఈ మే 1 నుంచి చట్టం మారింది. ఇంగ్లండ్‌లో కొత్తగా అద్దెకిచ్చే ఓనర్ ఒక నెలకు మించి అడ్వాన్స్ అడగకూడదు. మంచిదే. కానీ ముందే కట్టేసి గట్టెక్కే దారీ పోయింది, ఇక అడిగితే ష్యూరిటీయే అడుగుతారు. మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక తమ్ముడు పోయిన వారం అదే పని మీద ఫోన్ చేశాడు. "అక్కా, నీ జీతం సరిపోతది. ఒక్క సంతకం."

రెండు రోజులు జవాబివ్వలేదు. వాడు కట్టకపోతే నేను కట్టాలి. నా వీసా నా ఉద్యోగానికి ముడిపడి ఉంది. పైగా నేను ఆరో తరగతిలో ఉండగా నాయిన ఒకాయన ట్రాక్టర్ లోనుకు జమానతు పడ్డాడు. ఆయన చేతులెత్తేస్తే రెండేళ్లు మేమే కట్టాం. ఆ రెండేళ్లూ అమ్మ చెవుల్లో కమ్మలు లేవు.

నాయిననే అడిగా. కాసేపు మాట్లాడలేదు. "ఆ కాయితం మొత్తం చదివినవా? నేనప్పుడు చదవలే" అన్నాడు.

చదివా, పదకొండు పేజీలు. నా బాధ్యత మొదటి ఏడాదికే, అదీ వాడి వాటా అద్దె వరకే అని రాయించా. నిన్న సంతకం పెట్టా. అమ్మకు ఇంకా చెప్పలేదు.