కోర్టుకెక్కాలంటే గాజులు అమ్మాలా?

మా సూర్యాపేట వైపు విడాకుల మాట ఎత్తితే పెద్దవాళ్లు ముందు అనేది, "వకీలుకు పైసలెక్కడివే?" అని. ఆ భయంతోనే ఎందరో ఆడపిల్లలు దెబ్బలు తింటూ ఉండిపోతారు. మా చిన్నమ్మ కూతురు మిర్యాలగూడ అత్తింటి నుంచి కోదాడ పుట్టింటికి వచ్చేసినప్పుడు కూడా చేతి గాజులు అమ్మమనే అన్నారు.

అమ్మనక్కర్లేదమ్మా! 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఆదాయం ఎంతున్నా సరే, ఉచితంగా వకీలుని ఇస్తారు. కోర్టు ఫీజు కూడా వాళ్లే భరిస్తారు. కోర్టులో ఉండే న్యాయసేవల కమిటీకి అర్జీ పెట్టుకోవాలి. 15100కు ఫోన్ చేసినా దారి చెప్తారు.

సొంత సంపాదన లేని భార్య, హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద కేసు ఖర్చూ, కేసు నడిచినన్నాళ్లూ నెలనెలా తిండి ఖర్చూ భర్త నుంచి ఇప్పించమని అడగొచ్చు. 2003లో వచ్చిన సవరణ వల్ల విడాకుల కేసు తానుండే ఊరి పరిధిలోని కోర్టులోనే వేయొచ్చు. కోదాడ పిల్ల వాయిదా వాయిదాకూ మిర్యాలగూడ బస్సెక్కనక్కర్లేదు.

సొంతంగా వకీలుని పెట్టుకుంటే మాత్రం ఫీజు ముందే మాట్లాడుకోండి. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు అడగండి, మొహమాటపడొద్దు.

మీ ఇంటి ఆడపిల్ల వెనక్కి వస్తే పెళ్లి ఫోటో, శుభలేఖ, ఆధార్ కార్డు ఒక సంచిలో పెట్టుకుని ముందు కమిటీకి తీసుకుపోండి. వడ్డీకిచ్చేవాళ్ల గడప తొక్కడం ఆ తర్వాత మాట.