తుపానులో ప్రయాణం ఎవరిది?



2023 డిసెంబర్ 6న బాబాసాహెబ్ వర్ధంతి సభలో నేను మాట్లాడాలి. నాయుడుపేట అవతల ఒక దళితవాడ. తిరుపతి నుంచి బస్సులో పోవాలి. 3వ తేదీకల్లా బంగాళాఖాతంలో వాయుగుండం మిచౌంగ్ తుపానుగా మారింది. "పోదామా, మానుకుందామా మేడమ్?" అని నాతో రావాల్సిన విద్యార్థులు ఫోన్లు మొదలుపెట్టారు.

"ఆర్టీసీ బస్సులు తిరుగుతున్నాయి కదా" అన్నాడొకడు. బస్సు తిరిగినంత మాత్రాన దారి భద్రమని కాదు. 2021 నవంబర్ 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. చెయ్యేరు పొంగి నందలూరు దగ్గర ఆర్టీసీ బస్సులు వరదలో చిక్కుకున్నాయి, ప్రయాణికులు చనిపోయారు. వాళ్లు ఎక్కిందీ తిరుగుతున్న బస్సే. పోకూడదని తేల్చుకున్నాను. సభ వాయిదా వేయమని వాడకు ఫోన్ చేశాను.

అక్కడ ఫోనెత్తిన పెద్దమ్మ అంది: "నువ్వు రాబాకు మ్మే. మమ్మల్నే ఊళ్లో బడికి పొమ్మంటా ఉండారు. మేకల్ని యాడ కట్టేది?"

నా నిర్ణయం ఖరీదు ఒక ఫోన్ కాల్. నా జీతం కోతపడదు. ఆమె కదిలితే మేకలు, రేషన్ బియ్యం, ఇంటి పట్టా కాగితం, రోజు కూలి, అన్నీ లెక్కలోకొస్తాయి. పైగా ఆ బడిలో తమను ఎక్కడ కూర్చోబెడతారో, నీళ్ల బిందె ముట్టనిస్తారో లేదో అనే బెరుకు. అది ఉత్త అనుమానం కాదు. 2004 సునామీ తర్వాత నాగపట్నం సహాయ శిబిరాల్లో దళితులపై సాగిన వివక్షను హక్కుల సంఘాలు నమోదు చేశాయి.

మెరక ఊరికి, పల్లం వాడకు. ఇది ప్రకృతి పంచింది కాదు, కులం పంచింది. తుపానుకు కులం లేదనేవాళ్లు వాననీళ్లు ముందు ఎవరి గడపలోకి వస్తాయో చూడాలి.

5న బాపట్ల దగ్గర తుపాను తీరం దాటింది. పెద్దమ్మ వాళ్లు బడికి పోయారు, మేకల్ని వరండాలో కట్టుకున్నారు. వాన తెరిపిచ్చాక అదే బడిలో సభ జరుపుకున్నాం. రెండే డిమాండ్లు రాసుకున్నాం: వాడ వైపు మెరక మీద పశువులకూ చోటుండే షెల్టర్, రెడ్ అలర్ట్ రోజులకు కూలి.

"ప్రయాణాలు మానుకోండి" అనే మెసేజ్ ఫార్వర్డ్ చేసే ముందు ఒక్క ఫోన్ చేయండి. మీ వాడలో ఈ రాత్రి ఎవరు కదలాలి, ఎక్కడికి, ఏం వదులుకుని? అడగండి.