పొరుగువాని గాయము, మన చేతులు

మంచి సమరయుని కథను మన సంఘములలో చిన్నబిడ్డలు సహితము చెప్పగలరు. యెరికో త్రోవలో గాయపడి పడియున్న మనుష్యుని యాజకుడును లేవీయుడును చూచియు తొలగిపోయిరి, సమరయుడు కనికరించెను. ఇంతవరకు మనము ప్రసంగములలో తరచుగా విందుము. అయితే కనికరించిన తరువాత అతడు ఏమేమి చేసెనో వరుసగా గమనించువారు కొందరే. అతడు దగ్గరకు వచ్చెను. తనయొద్దనున్న ద్రాక్షారసముతోను నూనెతోను గాయములకు చికిత్సచేసి కట్టు కట్టెను. తన పశువుమీద ఎక్కించి పూటకూళ్ల యింటికి చేర్చెను. మరునాడు ఖర్చుకు డబ్బును ఇచ్చెను.

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, గుండెలో నిలిచిపోయిన జాలి కారుచున్న నెత్తురును ఆపలేదు. ఆ సమరయుని ప్రేమకు చేతులుండెను, ఆ చేతులకు తెలివియు ఉండెను. గాయమును ఎట్లు కడుగవలెనో, ఎట్లు కట్టవలెనో తన కాలపువారికి తెలిసినంత అతనికి తెలిసియుండెను. మన కాలపువారికి తెలిసినంత మనకు తెలిసియున్నదా?

మన యెరికో త్రోవ మన పొలమే. కోతలలో కొడవలి వ్రేలిని తెగకోయును. మందు చల్లువాడు మందు పీల్చి తూలిపడును. తాటిచెట్టెక్కినవాడు జారిపడును. మోటారు వేయబోయినవానికి కరెంటు కొట్టును. గట్టుమీద పాము కరచును. ఇట్టి వేళలలో మొదట చేరునది వైద్యుడు కాడు. ప్రక్క సాలులో పనిచేయుచున్న కూలివాడే. ఆ మొదటి కొద్ది నిమిషములు ప్రభువు మన చేతికి అప్పగించిన నిమిషములు.

కొంతకాలము క్రిందట మా ప్రాంతములో నాట్లు వేయుచుండగా, గట్టుమీది నారుకట్ట ఎత్తబోయిన ఒక యౌవన సహోదరిని పాము కరచెను. నేను అక్కడనే యుంటిని. ఒకడు త్రాడు తెచ్చెను, ఒకడు బ్లేడు వెదకెను, మరియొకడు మంత్రగానియొద్దకు పోదమనెను. ఆరోగ్య కార్యకర్తయొద్ద నేర్చుకొనిన ఒక ముసలి కూలితల్లి వారిని త్రోసికొని ముందుకు వచ్చెను.

“కట్టొద్దురా అబ్బాయ్, కొయ్యొద్దు. భయపడకు తల్లీ, కరిచిన ప్రతి పాముకీ విషముండదు. కాలు మాత్రం కదపకు” అని చెప్పి, ఆమె పట్టీలను మెట్టెలను తీయసాగెను. మెట్టెలు తీయుట కీడని ఒకతె గొణిగెను. “కాలు దక్కితే మెట్టెలు మళ్లీ పెట్టుకోవచ్చు లేమ్మా” అని ముసలామె తన పని మానలేదు. రెండు కర్రలను కాలికి ఇరుప్రక్కల ఉంచి, తువ్వాళ్లతో వదులుగా కట్టి, కాలు కదలకుండ చేసెను.

అప్పుడు మా సంఘపెద్ద ఒకరు, అందరము మోకరించి ప్రార్థింతమనిరి. ముసలామె చేతులు జోడించి, “పెద్దయ్యగారూ, ప్రార్థన ఆటోలో చేద్దురుగాని, ముందు ఎక్కండి” అనెను. ఆయన కోపపడలేదు. ఆటో ఎక్కి, ఆ బిడ్డ తలను తన ఒడిలో పెట్టుకొని, పట్టణపు ఆసుపత్రివరకు ప్రార్థించుచునే పోయెను. అక్కడ పాముకాటు మందు ఎక్కించిరి. ఆమె బ్రదికెను.

ఆ పెద్ద ఆటోలో చేసిన ప్రార్థన మోకాళ్లమీది ప్రార్థనకంటె తక్కువది కాదని నా నమ్మకము. హిజ్కియా రాజు మరణకరమైన రోగములో కన్నీటితో ప్రార్థించెను, దేవుడు ఆలకించెను. అయినను యెషయా అంజూరపు పండ్ల ముద్దను తెప్పించి పుండుమీద వేయించెను. ప్రార్థనను ఆలకించిన దేవుడే ఆ ముద్దను కూడ అనుగ్రహించెను. మెలితే ద్వీపములో కట్టెలేరుచున్న పౌలును సర్పము పట్టినను హాని కలుగలేదుగదా యని కొందరందురు. నిజమే. అయితే దేవాలయ శిఖరమునుండి దుమికి దేవుని పరీక్షింపుమని సాతాను చెప్పినప్పుడు మన ప్రభువు ఒప్పుకొనలేదు. ఆసుపత్రి తెరచియుండగా పోక జాగుచేయుట విశ్వాసము కాదు.

ఈ మాట ఏల ఇంత గట్టిగా చెప్పుచున్నాననగా, 2020లో ప్రచురింపబడిన ఒక పరిశోధన లెక్కచొప్పున, 2000 మొదలు 2019 వరకు మన దేశములో పాముకాటుచేత చనిపోయినవారు సుమారు 12 లక్షలమంది; ఏటికి సుమారు 58,000 మంది. వీరిలో దాదాపు అందరును పల్లెవాసులే. సగము మరణములు జూను మొదలు సెప్టెంబరు వరకు, అనగా మన దుక్కులు, నాట్ల కాలములోనే సంభవించుచున్నవి. మన దేశములో తయారగు పాముకాటు మందు తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటి విషమునకును పనిచేయును. మందు ఉన్నది, మనుష్యుడు వేళకు దానియొద్దకు చేరవలెను.

కావున ఈ సంగతులను ఇంటిలో చదివి వినిపించుడి. పాము కరచినయెడల బిగించి కట్టకూడదు. నెత్తురు ఆడక కాలు చచ్చిపోవచ్చును. కోయకూడదు, నోటితో పీల్చకూడదు, పసరు పోయకూడదు. వాపు రాకమునుపే ఉంగరములు, గాజులు, మెట్టెలు తీయవలెను. నడిపింపక మోసికొనిపోవలెను. పామును పట్టుటకు వెంబడింపవద్దు. కళ్లము కాపునకు పోయి నేలమీద నిద్రించువానిని కట్లపాము కరచినయెడల నొప్పియు గాటును తెలియకపోవచ్చును. తెల్లవారుజామున రెప్పలు వాలిపోవుట, మాట ముద్దగుట కనబడినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను.

కొడవలి తెగినచోట శుభ్రమైన గుడ్డ పెట్టి అరచేతితో గట్టిగా అదిమి పట్టవలెను. మాటిమాటికి తీసి చూడకూడదు. గుడ్డ తడిసినయెడల దానిమీదనే మరియొకటి వేయవలెను. సున్నము, కాఫీపొడి, కిరసనాయిలు, మట్టి పెట్టకూడదు. నెత్తురు ఆగినను ధనుర్వాతపు సూదిమందునుగూర్చి వైద్యుని అడుగవలెను. వ్రేలు తెగిపడినయెడల దానిని తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి, ఆ సంచిని మంచుగడ్డలమీద ఉంచి, రోగితోకూడ తీసికొనిపోవలెను.

పురుగుమందు పడినవానిని గాలివచ్చుచోటికి తెచ్చి, బట్టలు విప్పి, సబ్బుతో ఒడలు బాగుగా కడుగవలెను. కడుగువాడు తన చేతులకు మందు అంటకుండ చూచుకొనవలెను. మ్రింగినవానిచేత బలవంతముగా వాంతి చేయింపకూడదు. మందు డబ్బాను వైద్యునికి చూపవలెను. కరెంటు పట్టినవానిని ముట్టకమునుపే కరెంటు ఆపవలెను. లేనియెడల ఒకనితో ఇద్దరు పోవుదురు. చెట్టుపైనుండి పడినవానిని కాళ్లు చేతులు పట్టి ఎత్తకూడదు. మెడయు వెన్నును కదలకుండ పలకమీద పరుండబెట్టవలెను.

షూనేమీయురాలి కుమారుడు కోతపొలములో తలనొప్పియని మొఱపెట్టి, తల్లి ఒడిలో మధ్యాహ్నమునకు ప్రాణము విడిచెను. అది వడదెబ్బయే యని పలువురు తలంచుదురు. మన పొలములో అట్టివాడు కూలినయెడల నీడకు చేర్చి, ఒడలెల్ల తడిపి, విసరుచు ఆసుపత్రికి పంపవలెను. తెలివి తప్పినవాని నోట నీళ్లు పోయకూడదు.

ఇవి పెద్ద చదువులు కావు. ఆ ముసలితల్లికి సంతకము రాదు. ఆరాధన ముగిసిన తరువాత ఒక గంట మిగిల్చి, ఊరి నర్సమ్మగారిని పిలిచి, యౌవనస్థులును స్త్రీల సమాజమువారును ఈ పనులను చేతులతో చేసి నేర్చుకొనవచ్చును. శుభ్రమైన గుడ్డలు, కట్టు బట్టలు, కత్తెర, సబ్బు కల పెట్టె యొకటి మందిరములో ఉంచవచ్చును. పాముకాటు మందు ఏ ఆసుపత్రిలో ఉన్నదో వానలు పడకమునుపే విచారింపవలెను. 2005వ సంవత్సరము ఆగస్టు 15న ఆంధ్రప్రదేశములో ఆరంభమైన 108 బండి సంగతి మనకందరకు తెలిసినదే. ఆ అంకెతోకూడ ఆటోగల సహోదరుని ఫోను అంకెను గోడమీద వ్రాయుడి.

గాయపడినవాడు మన సంఘమువాడా, మన పేటవాడా యని సమరయుడు అడుగలేదు. మనమును అడుగకుందుము. ఆయన కనికరమును మన హృదయములలోను, ఆయన యిచ్చు తెలివిని మన చేతులలోను ప్రభువు ఉంచును గాక. ఆమేన్.